కొర్ర విత్తనం కుప్పలోంచి కాదు, చేలోంచే తీయండి

ఇంటి విత్తనంతో వేసిన కొర్రలో సగం కంకులు పండితే సగం పచ్చిగానే ఉండి, కోత దగ్గర చిరాకు పెడతాయి. కుప్ప నూర్చాక ఏ గింజ ఏ మొక్కదో ఎవరికి తెలుస్తుంది? కాబట్టి కోతకు ముందే ఏరుకోవాలి.

చేనును కంటి అంచనాతో పది మడులుగా అనుకుని, ఒక్కో మడిలో 40 మొక్కలకు ఎర్ర దారం కట్టండి. మొత్తం 400. కంకికి 5 గ్రాముల గింజ వచ్చినా 2 కిలోలు, గొర్రుతో వేస్తే ఎకరానికి సరిపోతుంది. మడుల లెక్క ఎందుకంటే, లేకపోతే అన్నీ సారమున్న మూలనే దొరుకుతాయి. అది నేల గొప్పే, విత్తనానిది కాదు. గట్టు పక్క సాళ్లు, మొక్కలు లేని ఖాళీల పక్కన ఏపుగా పెరిగినవి కూడా ఇందుకే వద్దు. ఇరుకులో ఉండి కూడా కంకి నిండిన మొక్కే కావాలి.

పూత ఒకే వారంలో వచ్చినవాటికే దారం కడితే పంట ఒక్కసారిగా పండే వైపు మళ్లుతుంది. తర్వాత పడిపోయినవి, కంకి నిండనివి, అగ్గి తెగులు, వెర్రి కంకి తెగులు కనబడ్డవి ఉంటే దారం విప్పేయండి. మిగిలినవి విడిగా కోసి, ఎండబెట్టి, చేత్తో నలిపి దాచండి. మార్పు ఒక్క ఏడాదిలో పెద్దగా తెలియదు, మూడు నాలుగు పంటలు పడుతుంది.

సజ్జకు మాత్రం ఇది ఇంత బాగా పనిచేయదు. దానిది పరపరాగ సంపర్కం, మంచి కంకిలోని గింజకూ పక్క మొక్కల పుప్పొడే తగిలి ఉంటుంది.