ఇంటి పిల్లికి గోడమీద మెట్లు, గీరుడు పలక

ఫ్లాటు దాటి బయటికి వెళ్లని పిల్లికి ఎక్కడానికి ఎత్తు, గీరడానికి గరుకైన చోటు రెండూ కావాలి. ఎక్కడానికి మెట్లలా పనికొచ్చే చెక్క అరలు, గీరడానికి తాడు చుట్టిన పలక, ఈ రెండూ గోడమీదే అమర్చుకోవచ్చు.

ముందుగా గోడ ఎలాంటిదో తెలుసుకోవాలి. నాలుగైదు కిలోల పిల్లి దూకినప్పుడు అరమీద పడే తాకిడి దాని బరువును మించి ఉంటుంది, దాన్నంతా మోయవలసింది గోడలోని స్క్రూలే. డ్రిల్లు వేసినప్పుడు ప్లాస్టరింగు దాటాక ఎర్రపొడి రాలితే అది ఇటుక గోడ. అందులో 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ప్లగ్గు (స్క్రూకు పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) ఇటుకలోకి దిగేలా 60 మిల్లీమీటర్ల స్క్రూ బిగించాలి. బూడిదరంగు మెత్తని పొడి రాలుతూ బిట్టు సులువుగా దిగిపోతే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మె కావచ్చు. మామూలు ప్లగ్గు అందులో వదులైపోతుంది కనుక ఆ బ్లాకులకు సరిపడే ప్లగ్గులనే అడిగి కొనాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద వైర్ల పైపు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ రంధ్రం చేయకూడదు.

అరలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతాయి. ఒక అరకూ పై అరకూ మధ్య 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి, ఒకదానిపై ఒకటి కాకుండా పక్కకు జరిపి బిగించి, కాళ్లు జారకుండా పైన గోనెపట్టా అతికించాలి. అన్నిటికన్నా ముఖ్యం సీలింగు ఫ్యాను: ఏ అర మీద నుంచి దూకినా రెక్కలు అందనంత దూరంలోనే మెట్ల వరస ఆగిపోవాలి. రెండు పిల్లులుంటే, ఒకటి దారికి అడ్డంగా కూర్చున్నా రెండోది దిగగలిగేలా మరో దారి ఉండాలి.

పిల్లి ఒళ్లు విరుచుకుంటూ నిలువుగా సాగి గీరుతుంది కాబట్టి పలక పొట్టిగా ఉంటే దాని జోలికి పోదు. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల ప్లైవుడ్ ముక్కకు రెండు కొసల్లో 5 సెంటీమీటర్ల చొప్పున స్క్రూలకు వదిలి, మిగిలిన భాగమంతా 8 మిల్లీమీటర్ల మందం గల సైసల్ (కిత్తనార) తాడు సందు లేకుండా చుట్టాలి. సుమారు 50 మీటర్ల తాడు పడుతుంది. వెనకవైపు తాడు మందం వల్ల పలక కొసలు గోడకు ఆనవు. అక్కడ చిన్న ప్లైవుడ్ ముక్కలు పెట్టి బిగిస్తే కదలదు. కదిలే పలకను పిల్లి నమ్మదు. కొబ్బరితాడు చవకే గానీ పీచు త్వరగా రాలుతుంది.

గీరేటప్పుడు పిల్లి పాదాల్లోని గ్రంథుల వాసన తాడుకు అంటుతుంది, ఆ వాసనను బట్టే అది మళ్లీ అక్కడికి వస్తుంది. కనుక తాడు చివికినప్పుడు అంతా ఒకేసారి తీసేయకుండా, సగం ఉంచి సగం మార్చాలి.