పెళ్ళి ఫొటోల్లో మిస్ట్ ఫిల్టర్: ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు తీసేయాలి

మిస్ట్ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించే ఒక రకం గాజు, కొందామని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళంతా అడిగేది ఒకటే: "అన్నా, పెళ్ళికూతురి ముఖం స్మూత్‌గా వస్తుందట కదా?" వస్తుంది. కానీ అందుకోసమే అయితే కొనకండి. చర్మం సంగతి సగం మేకప్ చూసుకుంటుంది, మిగతా సగం ఎడిటింగ్‌లో సర్దుకుంటుంది. ఈ ఫిల్టర్ అసలు పని వెలుగు మీద. ఫ్రేములో ఒక దీపమో, బల్బో, కిటికీలోంచి పడే ఎండో ఉంటే దాని చుట్టూ కాంతిని మెత్తగా పరుస్తుంది. అలాంటి వెలుగేదీ లేని ఫ్రేములో అది చేసేదల్లా కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) తగ్గించడమే. కాబట్టి ఫిల్టర్ బిగించే ముందు ముఖాన్ని కాదు, ఫ్రేములో దీపం ఎక్కడుందో చూడండి.

నేను గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళు తీస్తాను. మా వైపు ముహూర్తాలు చాలావరకు రాత్రి పూట, ఒక్కోసారి తెల్లవారుజామున. మండపం నిండా సీరియల్ సెట్లు, పక్కన దీపపు కుందులు, వెనకాల రంగురంగుల ఎల్ఈడీలు. ఈ ఫిల్టర్‌కు ఇంతకన్నా మంచి చోటు లేదు, ఇంతకన్నా ప్రమాదమైన చోటూ లేదు.

ముందు అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు. గాజులో కంటికి సరిగా ఆనని సన్నటి కణాలుంటాయి. లెన్స్‌లోకి వెళ్ళే కాంతిలో ఎక్కువ భాగం నేరుగా వెళ్ళిపోతుంది, కొంచెం మాత్రం చెదిరి పక్కకు పడుతుంది. అందుకే ఇది ఫోకస్ తప్పిన ఫొటోలా ఉండదు. కనురెప్పల వెంట్రుకలు స్పష్టంగానే ఉంటాయి, వాటి మీద పల్చటి వెలుగు పొర ఒకటి పడుతుంది. మామూలు మిస్ట్‌లో ఆ పొర నీడల మీద కూడా పడి నలుపంతా బూడిద రంగుకు తిరుగుతుంది. బ్లాక్ మిస్ట్‌లో నల్ల కణాలు కూడా ఉంటాయి కాబట్టి ఆ చెదిరే కాంతిలో కొంత అక్కడే ఆగిపోతుంది, నలుపు కాస్త నిలబడుతుంది. రాత్రి పెళ్ళిళ్ళకు బ్లాక్ మిస్టే తీసుకోండి.

"ఇదంతా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో క్లారిటీ మైనస్ చేస్తే రాదా?" అని అడుగుతారు. రాదు. దీపం జ్వాల సెన్సర్ మీద అప్పటికే తెల్లగా కాలిపోయి ఉంటుంది. అది గోడ కన్నా పది రెట్లు ప్రకాశంగా ఉందా, వంద రెట్లా అన్న లెక్క ఫైల్లో ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు జ్వాలా ఒకటే, ఫ్లాష్ పడి కాలిపోయిన తెల్ల పంచె అంచూ ఒకటే. ఫిల్టర్ సెన్సర్ కన్నా ముందే ఉంటుంది కాబట్టి జ్వాలకు ఎంత ప్రకాశం ఉందో ఆ మేరకే కాంతిని చెదరగొడుతుంది. జ్వాల చుట్టూ పెద్ద వలయం వస్తుంది, పంచె అంచు దగ్గర దాదాపు ఏమీ ఉండదు.

ఏ నంబరు కొనాలి

బ్లాక్ మిస్ట్ 1/8, 1/4, 1/2, 1 అని వస్తుంది. సంఖ్య పెరిగే కొద్దీ పొగమంచు పెరుగుతుంది. ఇవి ఎక్స్‌పోజర్ స్టాపులు (వెలుగు ఎంత పెరిగింది, తగ్గింది అని చెప్పే కొలత) కావు, అలా పొరబడకండి. టిఫెన్, కె అండ్ ఎఫ్, నిసి ఇలాంటి భిన్నాలే వాడతాయి, కెంకో మాత్రం 05, 1 అని వేరే లెక్క పెడుతుంది. ఒక కంపెనీ 1/4, ఇంకో కంపెనీ 1/4 అచ్చం ఒకేలా ఉండాలని లేదు. రెండు కెమెరాలకు పెట్టి ఒకే ఆల్బమ్ చేసేవాళ్ళు రెండూ ఒకే కంపెనీవి తీసుకోవడం మంచిది.

నంబరు కన్నా ముఖ్యమైనది లెన్స్. అదే ఫిల్టర్ 24 మి.మీ. లెన్స్ మీద ఉందో లేదో అన్నట్టుంటుంది, 85 మీద చిక్కగా కనిపిస్తుంది, 200 మీద మరీ ఎక్కువవుతుంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్, అంటే ఆ మి.మీ. అంకె, పెరిగితే బొమ్మతో పాటు ఆ వెలుగు వలయం కూడా సెన్సర్ మీద పెద్దదవుతుంది. నా లెక్క: 35కు 1/4, 85కు 1/8. 70-200కు ఏదీ వద్దు. ఒక్కటే కొనే స్తోమత ఉంటే 1/8 కొనండి. తక్కువైతే ఎడిటింగ్‌లో కొంచెం కాంట్రాస్ట్ తగ్గించుకోవచ్చు, ఎక్కువైనదాన్ని మాత్రం ఫొటోలోంచి వెనక్కి లాగలేరు. 1/2, 1 పాటల వీడియోలకు పనికొస్తాయేమో గానీ పెళ్ళి ఆల్బమ్‌కు నేను వాడను.

సైజు విషయంలో మీ దగ్గరున్న లెన్సుల్లో పెద్దదాని థ్రెడ్‌కు, అంటే 77 లేదా 82 మి.మీ.కి కొని, చిన్న లెన్సులకు స్టెప్-అప్ రింగు పెట్టుకుంటే డబ్బు మిగులుతుంది. దాంతో ఒక ఇబ్బంది ఉంది. రింగు పెడితే లెన్స్ హుడ్ (పక్క వెలుగును ఆపే తొడుగు) పట్టదు, మిస్ట్ ఫిల్టర్‌కు హుడ్ చాలా అవసరం. పక్కనుంచి వీడియోవాళ్ళ లైటు గాజు మీద పడిందంటే, అది ఫ్రేములో లేకపోయినా ఫొటో మొత్తం తెల్లబడుతుంది. హుడ్ లేకపోతే అసిస్టెంటును నల్ల అట్టముక్క అడ్డం పెట్టమనండి. చేతిలో డబ్బుంటే మాగ్నెటిక్ రకం తీసుకోండి. పెళ్ళిలో దీన్ని బిగించడం కన్నా తీసేయడమే ఎక్కువసార్లు అవసరమవుతుంది, మర తిప్పుకుంటూ కూర్చుంటే అక్కడ తలంబ్రాలు అయిపోతాయి.

కింద ఉన్న యూవీ ఫిల్టర్ తీసేసి ఇది బిగించండి. రెండు గాజులు ఒకదాని మీద ఒకటి ఉంటే ఘోస్టులు పెరుగుతాయి. ఒక్క ఫిల్టర్ ఉన్నా రావచ్చు: దీపం ఫ్రేములో కుడి పైమూల ఉంటే దాని మసక ప్రతిబింబం ఎడమ కిందిమూల, సరిగ్గా పెళ్ళికూతురి చీర కుచ్చిళ్ళ మీద తేలుతుంది. ఫ్రేము కొంచెం జరిపి ఆ ప్రతిబింబాన్ని పూల అలంకరణ మీదికి నెట్టేయండి, లేదా ఫిల్టర్ తీసేయండి.

మండపంలో

దీపాల ముందు పెళ్ళికూతురు, అడ్డుతెర వెనక నుంచి వచ్చే వెలుగు, సంగీత్‌లో సీరియల్ సెట్ల కింద డాన్స్, సాయంత్రం గోదావరి గట్టు మీద ఎదురెండలో జంట: వీటికి బిగించండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) 1.8, 2.8 దగ్గర, అంటే బాగా తెరిచి ఉంచండి. 11, 16 దాకా మూస్తే, ముఖ్యంగా వైడ్ లెన్స్‌లో, ఫిల్టర్ కణాలు చుక్కల్లా బయటపడే ప్రమాదం ఉంది. పెద్ద ఎపర్చర్‌లో కూడా వెనకాల బల్బులు గుండ్రంగా విచ్చుకున్నచోట లోపల ఇసుక చల్లినట్టు కనిపించవచ్చు, జూమ్ చేసి చూసుకోండి. ఎక్స్‌పోజర్ మూడో వంతు స్టాపు తగ్గించి తీస్తే వెలుగు వలయంలో రంగు మిగులుతుంది. ఫిల్టర్ వల్ల నీడలు ఎలాగూ కాస్త పైకి లేస్తాయి కాబట్టి నష్టం లేదు.

ఫోకస్ కంటి మీదే ఉండాలి. కెమెరా వెనక స్క్రీన్ మీద చూస్తే మెత్తగా కనిపించి ఫోకస్ తప్పిందేమోనని టెన్షన్ పుడుతుంది. వంద శాతం జూమ్ చేసి కనురెప్పలు చూడండి, అవి స్పష్టంగా ఉంటే చాలు.

ఇక తీసేయాల్సిన చోట్లు. నగల ఫొటోలకు మొదట తీసేయండి. "బాబూ, కాసులపేరులో ఒక్కో కాసూ కనిపించాలి" అని పెళ్ళికూతురి తల్లి చెప్పకుండా ఉండదు, ఆవిడ అన్నదే న్యాయం. జరీ అంచులూ అంతే. బంధువుల గ్రూప్ ఫొటోల్లో చిన్న చిన్న ముఖాలు అసలే మెత్తగా ఉంటాయి, వాటికి వద్దు. హోమం దగ్గర అప్పటికే పొగ ఉంది, దాని మీద ఇంకో పొగ అనవసరం. స్టేజీ వెనక పెద్ద ఎల్ఈడీ స్క్రీన్ వెలుగుతుంటే ఫ్రేమంతా పల్చటి మజ్జిగ పోసినట్టవుతుంది. ఊదా, నీలం పార్ లైట్లు (స్టేజీ రంగు లైట్లు) జంట వెనక ఉంటే ఆ రంగు చెదిరి చెంపల మీదికి, తెల్లటి మధుపర్కాల మీదికి పాకుతుంది, తర్వాత ఎంత వైట్ బ్యాలెన్స్ సర్దినా పోదు. లైటింగ్ అబ్బాయిని పిలిచి "తమ్ముడూ, ఒక్క పది నిమిషాలు వెనక రంగులు ఆపి వార్మ్ వైట్ పెట్టు" అని అడగండి, చాలామంది పెడతారు.

జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ మళ్ళీ రావు. ఆ రెండింటికీ మెయిన్ కెమెరా మీద ఏ ఫిల్టరూ ఉండకూడదని నా నియమం. రెండో కెమెరా ఉంటే దానికి పెట్టండి.

ఫిల్టర్ కొనకుండా రుచి చూడాలంటే పాత దారులున్నాయి. పల్చటి నల్ల నైలాన్ మేజోడు ముక్క లెన్స్ ముందు సాగదీసి రబ్బరు బ్యాండు వేయండి, బల్బుల చుట్టూ మెత్తదనం వస్తుంది. పాత యూవీ ఫిల్టర్ అంచుల వెంబడి కొద్దిగా వాసెలిన్ రాసి మధ్యలో శుభ్రంగా వదిలేసినా బాగుంటుంది. వాసెలిన్ లెన్స్ గాజుకు మాత్రం తగలనివ్వకండి.

ఏసీ హాల్లోంచి వానాకాలం బయటికి రాగానే గాజు చెమరుస్తుంది. అప్పుడు వచ్చే మిస్ట్ ఫిల్టర్‌ది కాదు. తుడిచి, కాసేపాగి తీయండి. వేలిముద్ర కూడా వెలుగును ఒక పక్కకు గీతలా లాగుతుంది, జేబులో మైక్రోఫైబర్ గుడ్డ ఉంచుకోండి.

ఎడిటింగ్‌లో ఎక్కువ పని లేదు. బ్లాక్స్ (నలుపు స్థాయి) కొద్దిగా దించి, అవసరమైతే డీహేజ్ (పొగమంచు తగ్గించే స్లైడరు) 5 నుంచి 10 మధ్య పెట్టండి. అంతకు మించితే డబ్బు పెట్టి తెచ్చుకున్న వెలుగును మీరే తుడిచేసినట్టు. ఆల్బమ్‌కు పంపేటప్పుడు పేపరు ఏదో అడగండి. మ్యాట్ పేపరు మీద నలుపు గ్లాసీ మీద వచ్చినంత చిక్కగా రాదు, కాబట్టి మిస్ట్ ఫొటోలు ఇంకా పల్చబడతాయి. ఆ పేజీలకు బ్లాక్స్ మరికొంచెం దించి, ఒక్క పేజీ శాంపిల్ ప్రింటు చూశాకే మిగతావి వేయించండి.