గురుడి మీద నీడ – 4వ పాఠం: చుక్క ఎందుకు సాగింది?

పోయిన పాఠంలో గురు గ్రహాన్ని టెలిస్కోప్‌తో పది నిమిషాల పాటు వరుసగా వీడియోలు తీసి, విన్‌జూపోస్ అనే ప్రోగ్రాములో డీరొటేషన్ (ఆ లోపు గ్రహం తిరిగిన తిరుగుడుని సరిచేయడం) చేసి ఒకే బొమ్మగా కలపమన్నాను. చేశారు. మేఘాల పట్టీలు ముచ్చటగా వచ్చాయి, గురుడి చందమామ అయో దానిమీద వేసిన నీడ చుక్క మాత్రం చింతగింజలా సాగింది. కొలిమేషన్ (టెలిస్కోప్ అద్దాల అమరిక) చెడిందనుకుని కొందరు అద్దం మరలు కూడా తిప్పేశారు. వాటిని మళ్లీ సరిచేసుకోండి. తప్పు నాది, అసలు మాట చెప్పకుండా వదిలేశాను.

డీరొటేషన్ చేసే ప్రోగ్రాముకి కనబడ్డ ప్రతి మచ్చా గురుడితో పాటు తిరిగేదే. నీడ అలా తిరగదు. అది అయో వెంట పోతుంది. మధ్యరేఖ దగ్గర మేఘాలు సెకనుకి సుమారు 12.6 కి.మీ. కదిలితే, అయో 17.3 కి.మీ. పోతుంది. తేడా 4.7. పది నిమిషాల్లో దాదాపు 2,800 కి.మీ.! అయో వ్యాసమే 3,640. ఇక సాగక ఏం చేస్తుంది? అంచు దగ్గర ఇంకా ఘోరం: అక్కడ మేఘాలు మనకి నెమ్మదిగా కదిలినట్టు కనిపిస్తాయి, నీడ మాత్రం అదే జోరున పోతుంది.

గురుడి ఇంకో చందమామ యూరోపా నీడ తీసినవాళ్లకి గుండ్రంగానే వచ్చింది కదా, మురిసిపోకండి. దాని వేగం 13.7, మేఘాలకి దగ్గర. అంతే. మరో చందమామ గ్యానిమీడ్‌ది 10.9, కాస్త వెనకబడుతుంది గానీ నీడ పెద్దది కాబట్టి తెలియదు.

విరుగుడు: పదినిమిషాలనీ 60 సెకన్ల ముక్కలుగా తియ్యండి. అన్నీ కలిపిన బొమ్మ మేఘాలకి. నీడనీ, అయోనీ ఒకే ఒక్క ముక్క నుంచి కోసి దానిమీద అతికించండి. ఆ ముక్క నడిమి సమయం 9:04:30 అయితే, డీరొటేషన్ రిఫరెన్స్ సమయం (ముక్కలన్నిటినీ ఏ క్షణానికి సరిచేయాలో అది) కూడా సరిగ్గా 9:04:30 ఉండాలి. సుమారుగా 9:05 అని వేసేశారో, నీడ ఉండాల్సిన చోట ఉండదు. అతికించడం మోసమంటారు కొందరు. సాగిన నీడ చూపించడం అంతకన్నా పెద్ద మోసమని నా లెక్క.

ఇంకొకటి. పెరట్లో టెలిస్కోప్ పెట్టుకున్న గదికి రేకుల కప్పుంటే సాయంత్రమే తెరిచిపెట్టండి. నేను రాత్రి తొమ్మిదికి తెరిచి, వేడిగాలిలో ఉడుకుతున్న గురుణ్ణి గంటన్నర తీశాను.

అభ్యాసం: అయో 42.5 గంటలకోసారి గురుడి ముందు నుంచి వెళ్తుంది. మీకు రాత్రి పూట పడేది చూసుకుని, నీడ ఒక అంచున ఎక్కినప్పటి నుంచి రెండో అంచున దిగేదాకా, రెండు గంటల పైమాటే, ప్రతి ఐదు నిమిషాలకీ ఒక 60 సెకన్ల ముక్క తియ్యండి. ఒక్కటీ తప్పకూడదు. టీ ముందే ఫ్లాస్కులో పోసుకోండి.