సర్వర్ పడిపోతే తనంతట తానే లేచేలా చేశాను

ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా వాడుతున్నాను. అందులో ఫొటోల సర్వీస్ వారానికోసారైనా ఆగిపోయేది. ఆగిందని నాకు చెప్పేది మా ఆవిడే, "ఫొటోలు రావట్లేదు" అని.

లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ ఉండగా ఈ తిప్పలెందుకని, ఆగినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టేలా సర్వీస్ ఫైల్లో 'రీస్టార్ట్' విలువను 'ఆల్వేస్' అని పెట్టాను. పని అయిపోయిందనుకున్నా. కరెంటు పోయి వచ్చాక చూస్తే సర్వీస్ మళ్లీ చచ్చి ఉంది. సిస్టమ్‌డీ రాసుకునే లాగ్, అంటే జర్నల్ తెరిస్తే చివరి లైన్లలో 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అని ఉంది. విషయమేమిటంటే, ఏమీ చెప్పకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లకే మళ్లీ మొదలుపెడుతుంది. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలబడకపోతే ఇక వదిలేస్తుంది. ఫొటోలున్న నా ఎక్స్‌టర్నల్ డిస్క్ మౌంట్ అయ్యేలోపే (అంటే సిస్టమ్‌కు అందుబాటులోకి వచ్చేలోపే) ఆ 5 ప్రయత్నాలూ అయిపోయాయన్నమాట!

మళ్లీ మొదలుపెట్టే ముందు 30 సెకన్లు ఆగేలా 'రీస్టార్ట్‌సెక్' 30 చేశాను. ఆ డిస్క్ మౌంట్ అయ్యాకే మొదలవ్వాలని 'రిక్వైర్స్ మౌంట్స్ ఫర్' లైన్ కూడా చేర్చాను. నిజానికి మొదట రాయాల్సింది ఈ లైనే.

ఇంకో చిక్కు మిగిలింది. ఒక్కోసారి ప్రాసెస్ బతికే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. సిస్టమ్‌డీ దృష్టిలో అంతా బాగున్నట్టే. అందుకని కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి వెబ్ పేజీని తెచ్చే టూల్) పేజీని అడిగే చిన్న స్క్రిప్ట్ రాసి, 2 నిమిషాలకోసారి నడిచేలా సిస్టమ్‌డీ టైమర్‌కు తగిలించాను. వరసగా 3 సార్లు జవాబు రాకపోతే సర్వీస్‌ను రీస్టార్ట్ చేసి, నా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. కర్ల్‌కు 10 సెకన్ల టైమౌట్ ఇవ్వడం మాత్రం మర్చిపోకండి, నేను మర్చిపోతే స్క్రిప్టే వేలాడుతూ కూర్చుంది.

నిన్న రాత్రి 3 గంటలకు ఒక మెసేజ్ వచ్చింది. పొద్దున లేచాకే చూసుకున్నాను.