పోలండ్ స్పీడ్‌వే క్లబ్బు చరిత్రను చదవడం – నాలుగో పాఠం: ఒకే పేరు, రెండు ఊళ్లు

స్పీడ్‌వే అంటే మట్టి ట్రాక్ మీద మోటారుసైకిళ్ల పందెం. పోలండ్‌లో ఈ ఆటకు జరిగే క్లబ్బు జట్ల చాంపియన్‌షిప్ విజేతల పట్టిక చూసి, లెష్నో నగరపు క్లబ్బు ఊన్యా ఎన్నిసార్లు గెలిచిందో లెక్కించమని పోయిన పాఠం చివర అడిగాను. జవాబు 18. చాలామంది 21 అని రాశారు. ఇందరు ఒకే అంకె దగ్గర తప్పారంటే పొరపాటు కూడికలో జరగలేదు, పట్టికను చదివిన తీరులోనే జరిగింది. ఆ సంగతి ముందే చెప్పవలసిన బాధ్యత నాది. కనుక రైడర్ల బదిలీల పాఠాన్ని వాయిదా వేసి, ఈసారి దీన్నే తీసుకుంటున్నాను.

లెష్నో గెలిచిన ఏళ్లు ఇవి: 1949 నుంచి 1954 వరకు వరుసగా ఆరు, 1979, 1980, 1987 నుంచి 1989 వరకు మూడు, 2007, 2010, 2015, 2017 నుంచి 2020 వరకు నాలుగు. మీరు అదనంగా కలిపిన 2004, 2005, 2012 సంవత్సరాల విజయాలు తార్నుఫ్ నగరానివి. ఆ క్లబ్బు పేరు కూడా ఊన్యాయే.

ఇది యాదృచ్ఛికం కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1949 ప్రాంతంలో, పోలండ్ ప్రభుత్వం క్రీడా క్లబ్బులను కార్మిక సంఘాల వారీగా విభజించి పెద్ద క్రీడా సమాఖ్యల కిందికి తెచ్చింది. ఏ సమాఖ్యలో చేరితే ఆ పేరే క్లబ్బుకు వచ్చింది. ఊన్యా రసాయన పరిశ్రమ కార్మికుల సమాఖ్య. నత్రజని ఎరువుల కర్మాగారం ఉన్న తార్నుఫ్‌కు ఆ పేరు సహజంగా అమరింది. లెష్నో క్లబ్బు మాత్రం 1938లో మోటారుసైకిల్ క్లబ్బుగా పుట్టి, ఆ పేరును తర్వాత పొందింది. మిగతా సమాఖ్యల పేర్లూ ఇలా వృత్తుల నుంచి వచ్చినవే: స్తాల్ అంటే ఉక్కు, గూర్నిక్ అంటే గని కార్మికుడు, కోలెయాష్ అంటే రైల్వే కార్మికుడు. సమాఖ్యలు పోయాయి కానీ పేర్లు అభిమానుల నోళ్లలో నిలిచిపోయాయి, అందుకే ఒక్కో పేరు మూడు నాలుగు ఊళ్లలో కనిపిస్తుంది. ఊరి పేరు లేకుండా క్లబ్బు పేరొక్కటే రాసిన చరిత్ర వ్యాసాన్ని నేను నమ్మను. నా నోట్సులో ఎప్పుడూ ఊరు ముందు, క్లబ్బు తర్వాత. మీరూ అలాగే రాయండి. అనుమానం మిగిలితే చిహ్నం చూడండి: లెష్నోది ఎద్దు, తార్నుఫ్‌ది వానకోవెల పిట్ట.

దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఉంది. రిబ్‌నిక్ క్లబ్బు మొదట గూర్నిక్, 1960ల నడిమి నుంచి రోవ్. అంటే ఆ బొగ్గు ప్రాంతపు పేరులోని తొలి అక్షరాల కూర్పు. పేరు మారింది గనుక రెండు క్లబ్బులనుకుని, 1956 నుంచి 1972 వరకు వచ్చిన 12 విజయాలను కొందరు రెండు ముక్కలు చేశారు. ఊరు ముందు రాసే అలవాటు ఉంటే ఇదీ జరగదు.

లెష్నో రైడర్ అల్‌ఫ్రెడ్ స్మోచిక్ గురించి ఒక్క మాట. లెష్నో స్టేడియానికి ఆయన పేరు ఉన్నందువల్ల, తొలి ఆరు విజయాలనూ ఆయన ఖాతాలో వేసిన జవాబులు వచ్చాయి. ఆయన 1950 సెప్టెంబరులో, 21 ఏళ్ల వయసులో, మోటారుసైకిల్ ప్రమాదంలో మరణించారు. 1951 నుంచి వచ్చిన నాలుగు విజయాలు ఆయన లేని జట్టువి. ఎంతో ఇష్టపడిన రైడర్‌ను కోల్పోయాక కూడా ఆ జట్టు నాలుగేళ్లు గెలిచిందన్న సంగతి ఆ క్లబ్బు చరిత్రలో అతి ముఖ్యమైనదని నా అభిప్రాయం; విజయాలన్నీ ఒకే పేరు కింద కుప్పగా పోస్తే అది కనబడదు.

ఈసారి పని కొంచెం బరువైనదే. స్తాల్ అనే పేరుతో 1960, 1961, 1969, 1973, 1975 నుంచి 1978 వరకు, 1983, 2014, 2016 సంవత్సరాల్లో 11 విజయాలు ఉన్నాయి. వీటిలో రెండు ఆగ్నేయాన ఉన్న జెషుఫ్‌వి, తొమ్మిది పశ్చిమాన ఉన్న గోజుఫ్‌వి. ఏవి ఎవరివో విడదీసి, ఒక్కో ఊరికి ఒక్కో పేరా చొప్పున చరిత్ర రాయండి. స్తాల్ అనే మాట ఎక్కడా ఒంటరిగా రాకూడదు.