కొత్త అధ్యాపకుల పరిశోధనకు పనికొచ్చే సెమినార్ నడపడం ఎలా?

పాఠాలు, జవాబుపత్రాలు, కమిటీలు పోను కొత్త అధ్యాపకులకు పరిశోధన కోసం మిగిలేది అలసట. వాళ్లకు అండగా ఉంటామంటూ పెద్ద హాలు, మైకు, ముఖ్య అతిథితో ఒకరోజు ఉపన్యాసాలు పెట్టి చేతులు దులుపుకోవడం చూసి చూసి విసిగిపోయాను. అది సభ. సెమినార్ వేరు.

1. ఆరుగురు కొత్తవాళ్లు, ఇద్దరు సీనియర్లు, ఒక చిన్న గది, ఒక గడియారం. రెండు వారాలకొకసారి, ఒకే రోజు, ఒకే వేళకు. ప్రొజెక్టర్ వద్దు. తెర ఉంటే అందరి కళ్లూ తెర మీదే ఉంటాయి, కాగితం మీద ఉండవు.

2. ప్రతి కొత్త అధ్యాపకుడికీ ఒక మార్గదర్శిని చూడండి. విభాగాధిపతి మాత్రం పనికిరారు. పదోన్నతి ఫైలు మీద సంతకం పెట్టే మనిషి దగ్గర "ఈ గణాంకాలు నాకు అర్థం కావడం లేదు" అని ఎవరు ఒప్పుకుంటారు? పక్క విభాగం వారైతే మేలు. రచయితల పేర్ల సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి. సలహా ఇచ్చినంత మాత్రాన పేపరు మీద పేరు రాదు. వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నిబంధన ప్రకారం పరిశోధనలో గణనీయమైన పాలు, రాయడంలో లేదా లోతుగా సవరించడంలో చేయి, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం, ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. నేను చరిత్ర విభాగంలోనూ ఇదే పట్టుపడతాను.

3. చిత్తుప్రతి వారం ముందే అందరికీ చేరాలి. పది పేజీలు మించకూడదు. పైన రచయిత తనను వేధిస్తున్న ఒక్క ప్రశ్న రాయాలి. జర్నల్‌కు పంపేసిన పేపరు తెచ్చేవారిని నేను వెనక్కి పంపుతాను. వాళ్లకు కావలసింది పొగడ్త.

4. ఇక చర్చ. చెడితే ఇక్కడే చెడుతుంది, కాబట్టి తొందరపడకండి.

మొదటి ఇరవై నిమిషాలు రచయిత నోరు విప్పకూడదు. మరో కొత్త అధ్యాపకుడు ఆ పేపరు ఏమంటోందో రెండు నిమిషాల్లో చెప్పాలి. తాను రాశాననుకున్నదానికీ ఎదుటివాడికి అందినదానికీ ఎంత దూరముందో రచయితకు అప్పుడే తెలుస్తుంది. "కాదండీ, నా ఉద్దేశం..." అంటూ లేస్తారు. కూర్చోబెట్టండి. జర్నల్ సమీక్షకుడి పక్కన కూర్చుని ఉద్దేశం విప్పి చెప్పే అవకాశం ఎలాగూ ఉండదు.

తర్వాత చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు చివర. ఈ వరుస తప్పిందా, సెమినార్ పోయినట్లే. ఒకసారి మొహమాటపడి ఒక సీనియర్‌ను ముందు మాట్లాడనిచ్చాను. నలభై నిమిషాలు తన సిద్ధాంత గ్రంథం గురించే చెప్పారు. మిగతావాళ్లు తలలూపారు. ఆ చిత్తుప్రతిని దాని రచయిత్రి ఏడాది పాటు మళ్లీ ముట్టుకోలేదు. తప్పు నాదే, గడియారం నా చేతిలోనే ఉంది.

చదువుతూ ఎక్కడ ఆగిపోయారో పేజీ సంఖ్యతో సహా చెప్పమనండి. "బాగుంది" అన్నది వ్యాఖ్య కాదు. "ఫలానా పుస్తకం చూడలేదా?" అన్నది ప్రశ్న కాదు, ప్రదర్శన. అచ్చుతప్పులు చిత్తుప్రతి అంచున రాసి ఇస్తే చాలు. విమర్శ వినేటప్పుడు సగం మాటలు చెవికెక్కవు కనుక రచయిత తరఫున ఇంకొకరు అన్నీ రాసుకోవాలి.

చివరి పది నిమిషాలు రచయితవి. సంజాయిషీలు వద్దు. మార్చబోయే మూడు విషయాలు చెబితే చాలు.

5. వారంలోగా మార్గదర్శి ఆ నోట్సు ముందు పెట్టుకుని రచయితను కలవాలి. జర్నల్ ఎంపిక అప్పుడు మాట్లాడండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో, అంటే ఒక జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కతో, మాట మొదలుపెట్టే మార్గదర్శికి, దాన్ని బట్టి ఒక్కో పేపరు నాణ్యతను లెక్కగట్టవద్దని పరిశోధన మదింపుపై వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన ఎప్పుడో చెప్పిందని గుర్తుచేయండి. లేచేముందు తర్వాతి ప్రతి ఇవ్వాల్సిన తేదీ ఇద్దరి డైరీల్లోనూ రాయించండి.