ముక్కు గుండానా, తల తెరిచా: పిట్యూటరీ ట్యూమర్ ఆపరేషన్ దారిని ఎలా పోల్చి చూడాలి

గుమ్మం దాటేటప్పుడు అమ్మ భుజం ద్వారబంధానికి తగలడం మొదలై ఆర్నెల్లయినా, మేం కళ్లద్దాలు మార్పించి ఊరుకున్నాం. చివరికి నరసరావుపేటలో కంటి డాక్టరు విజువల్ ఫీల్డ్ పరీక్ష చేసి, రెండు కళ్లకీ బయటి వైపు చూపు పోతోందని చెప్పి ఎంఆర్ఐ రాశారు. మెదడు అడుగున హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథి దగ్గర 27 మిల్లీమీటర్ల గడ్డ. హైదరాబాద్‌లో ఇద్దరు న్యూరోసర్జన్లకు చూపిస్తే ఒకరు ముక్కు గుండా తీద్దామన్నారు, ఇంకొకరు తల తెరవక తప్పదన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. మీకూ ఇలాగే రెండు మాటలు చెప్పి ఉంటే, వాటిని ఎలా బేరీజు వేసుకోవాలో మేం నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు రక్తపరీక్షలు. మాకు మొదట చూసిన ఆసుపత్రిలో ఇవేవీ చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్ష లేకుండా తేదీకి ఒప్పుకోకండి. అది బాగా ఎక్కువగా, మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు దాటి ఉంటే ఆ గడ్డ చాలామందిలో కాబర్గోలిన్ మాత్రలతోనే తగ్గుతుంది, కత్తి అవసరమే రాకపోవచ్చు. అమ్మకు 62 వచ్చింది. గడ్డ పిట్యూటరీ కాడను నొక్కినా ఆ మాత్రం పెరుగుతుందని ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) చెప్పారు. గడ్డ చాలా పెద్దదై, అంకె మాత్రం తక్కువగా ఉంటే, నమూనాను పలచన చేసి మళ్లీ చూడమని అడగండి. ప్రొలాక్టిన్ మరీ ఎక్కువైనప్పుడు యంత్రం తప్పుగా తక్కువ చూపించవచ్చు. ఉదయం 8 గంటలకు కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్ హార్మోన్), థైరాయిడ్ కూడా చూడాలి. కార్టిసాల్ తక్కువుంటే ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. ఈ వరస తప్పకూడదు.

ఇక దారి సంగతి. పిట్యూటరీ శనగగింజంత ఉంటుంది. ముక్కు వెనక గాలిగదికి సరిగ్గా పైన, ఎముకలో చిన్న గుంటలో కూర్చుంటుంది. దాని పైన రెండు కళ్ల నరాలు కలుసుకుంటాయి. అటూ ఇటూ మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమనులు. ముక్కు గుండా వెళితే కింద నుంచి వెళ్తారు కాబట్టి ముందు గడ్డే ఎదురవుతుంది, కళ్ల నరాలు దాని వెనక ఉంటాయి. తల తెరిచి పక్క నుంచి వెళితే నరాలు, ధమనులే ముందొస్తాయి, వాటి సందుల్లోంచి గడ్డను తీయాలి. అందుకే నేను కుట్లెన్ని, మచ్చ ఎక్కడ అని అడగడం మానేసి ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: "డాక్టరుగారూ, మీ చేతికీ గడ్డకీ మధ్య ఏ నరం, ఏ రక్తనాళం అడ్డొస్తాయి? ఫిల్ము మీద చూపిస్తారా?"

రెండో డాక్టరు ఫిల్ము మీద వేలు పెట్టి, ఎడమ వైపు గడ్డ కరోటిడ్‌ను దాటి బయటికి పాకిందని, ముక్కు దారిలో ఆ భాగం అందదని చెప్పారు. మొదటి డాక్టరు అదే చోటు చూపించి, "చూపును నొక్కుతున్నది పైకి నిలువుగా పెరిగిన భాగం. అది తీసేస్తే కన్ను నిలబడుతుంది. పక్కన మిగిలింది గమనిద్దాం, పెరిగితే గామా నైఫ్ ఉంది, అంటే కోత లేకుండా గడ్డ మీదికే రేడియేషన్ ఇవ్వడం" అన్నారు. ఇద్దరూ ఒకే ఫిల్ము చూసి ఒకే మాట చెబుతున్నారని అప్పుడు అర్థమైంది. తేడా అంతా ఎంత తీయాలన్న దగ్గరే ఉంది. మీ డాక్టర్లనూ ఇది విడిగా అడగండి: ఎంత తీయగలరు, ఎంత వదిలేస్తారు, వదిలింది ఏమవుతుంది? నివేదికలో నోస్ప్ గ్రేడ్ అని 0 నుంచి 4 దాకా అంకె ఉంటే, గడ్డ ధమని వైపు ఎంత పాకిందో అది చెబుతుంది.

పిట్యూటరీ అడినోమాలు, అంటే ఈ గ్రంథిలోనే పుట్టే గడ్డలు, ఎక్కువ భాగం ముక్కు గుండానే తీస్తారు. గడ్డ కణత వైపు బాగా విస్తరించినా, నడుం సన్నబడి డంబెల్‌లా ఉన్నా, గట్టిగా ఉన్నా తల దారి, లేదా రెండూ కలిపి వాడాల్సి రావచ్చు. తల తెరవమన్నారంటే డాక్టరు పాతకాలం మనిషి అనుకోకండి. 1907లో ఆస్ట్రియాలో ష్లోఫర్ అనే సర్జన్ ముక్కు దారి మొదలుపెట్టారు. అమెరికాలో న్యూరోసర్జన్ కుషింగ్ అదే దారిలో ఎందరికో చేసి, ఆఖరికి తల దారికే మళ్లారు. లోపల వెలుతురు చాలని రోజులవి. మైక్రోస్కోప్, ఆ తర్వాత ఎండోస్కోప్ వచ్చాక ముక్కు దారి తిరిగి నిలబడింది.

ముక్కు దారిలో నేను భయపడిన విషయం మెదడు నీరు కారడం. అడుగున చేసిన రంధ్రం సరిగా మూసుకోకపోతే ఆ నీరు ముక్కులోంచి వస్తుంది, మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) రావచ్చు. కాబట్టి ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో, ఈఎన్‌టీ సర్జన్ పక్కన ఉంటారో లేదో, దేంతో మూస్తారో అడగాలి. అమ్మకు తొడ నుంచి కొవ్వు, ముక్కు లోపలి పొర వాడారు. తల దారిలో అయితే ఫిట్స్, మెదడును పక్కకు జరపడం వల్ల వచ్చే వాపు గురించి అడగండి.

మేం ముక్కు దారికే ఒప్పుకున్నాం. తర్వాతి వారం పని అంతా మాదే. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, విరేచనానికి ముక్కకూడదు, బరువెత్తకూడదు. వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా కారినా, గొంతులో ఉప్పగా అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చెల్లి ఒక నోటుబుక్కులో గంటగంటకీ మూత్రం కొలత రాసింది. రెండు గంటలు వరుసగా 300 మిల్లీలీటర్లు దాటగానే నర్సుకు చెప్పింది, మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ మందు ఇచ్చారు. ఇంటికొచ్చాక, ఆపరేషన్ అయిన ఏడో రోజు అమ్మ మబ్బుగా, వాంతి వస్తున్నట్టు ఉందంటే నీరసమనుకోబోయాం. రక్తంలో సోడియం చూపిస్తే 124, ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. డిశ్చార్జ్ కాగితంలో ఏడో రోజు సోడియం పరీక్ష రాసి ఉందో లేదో చూసుకుని, లేకపోతే అడిగి రాయించుకోండి.